సున్నా వచ్చిన ఫారం

ఫారం నంబరు 17. వయసు 46. పని: బీడీలు చేయడం. బీపీ నాలుగేళ్ల నుంచి, షుగర్ రెండేళ్ల నుంచి. జీహెచ్‌క్యూ-12 స్కోరు: 0.

సున్నా వచ్చిందంటే జీహెచ్‌క్యూ అనే ఆ మానసిక ప్రశ్నావళి లెక్కలో మనసుకు ఏ ఇబ్బందీ లేనట్టే. మా దగ్గర డేటా ఎంట్రీ చేసే అబ్బాయి ఆ ఫారాన్ని ఆకుపచ్చ ఫైల్లో పెట్టాడు. ఆకుపచ్చ ఫైలంటే ఆ ఇంటికి మళ్లీ పోవక్కర్లేదని. ఐదు వారాల తరవాత అదే మనిషి నా ఎదుట కూర్చుని, "రాత్రి పండుకునేటప్పుడు తెల్లారి లేవకుంటె మంచిగుండు అనిపిస్తది మేడం" అన్నది. తలుపు గొళ్లెం సరిగా పడటం లేదని చెప్పినంత మామూలుగా అన్నది.

సున్నాకూ ఆ మాటకూ మధ్య ఏం జరిగిందో వెతుక్కుంటూ రాసిన కేసు ఇది. తప్పు ఎక్కువగా మాదే. కొంత ప్రశ్నావళిది, కొంత తెలుగుది కూడా.

మాది హనుమకొండ. ఆరోగ్య సర్వేల్లో వాడే మానసిక ప్రశ్నావళులను తెలుగులో పెట్టడం, ఊళ్లలో అడిగి చూడటం, జనానికి అర్థమయ్యేట్టు సరిచేయడం చాలా ఏళ్లుగా చేస్తున్నాను. ఈ పని మాత్రం కోరుట్ల, మెట్‌పల్లి మధ్య ఊళ్లలో. బీపీ, షుగర్ మందులు వాడే బీడీ కార్మిక మహిళల్లో కొందరు మధ్యలో గోళీలు మానేస్తున్నారు. దానికి డబ్బులు, దూరం కారణమా, మనసు బాగోలేకపోవడం కూడా కారణమా అన్నది తేల్చాలి. పద్ధతి రెండు మెట్లలో పెట్టుకున్నాం. మొదటి మెట్టులో అందరికీ జీహెచ్‌క్యూ-12. అందులో ఎక్కువ మార్కులు వచ్చినవాళ్లను రెండో మెట్టులో నేను గాని, నా సహోద్యోగి గాని కూర్చుని వివరంగా అడుగుతాం. తక్కువ వచ్చినవాళ్లను వదిలేస్తాం. కానీ వదిలేసినవాళ్లలోంచి కూడా కొన్ని ఫారాలు చీటీ తీసి, ఆ ఇళ్లకూ పోయి చూడాలని మొదట్లోనే రాసిపెట్టుకున్నాం. జల్లెడ రంధ్రాలు ఎంత పెద్దవో తెలియాలంటే కిందికి జారినదాన్ని చూడాలి కదా. ఖర్చు ఎక్కువవుతుందని ఆ మెట్టు తీసేయమని మాలోనే ఒకరిద్దరు అన్నారు. తీసేసి ఉంటే ఈ కేసు లేదు. 17వ నంబరు ఆ చీటీల్లో వచ్చింది.

జీహెచ్‌క్యూ గురించి రెండు మాటలు చెప్పాలి, లేకుంటే మిగతాది అర్థం కాదు. జనరల్ హెల్త్ క్వశ్చనెయిర్ అన్న ఈ ఫారాన్ని 1970ల్లో బ్రిటిష్ మానసిక వైద్యుడు డేవిడ్ గోల్డ్‌బర్గ్ తయారు చేశాడు. మామూలు డాక్టరు దగ్గరికి ఒళ్లు నొప్పులనో నీరసమనో వచ్చేవాళ్లలో మనసు దెబ్బతిన్నవాళ్లను పట్టుకోవడం దాని పని. జబ్బు పేరు అది చెప్పదు, అనుమానం మాత్రం చెబుతుంది. మొదట 60 ప్రశ్నలుండేవి. తరవాత 30, 28, 12 ప్రశ్నల చిన్న రూపాలు వచ్చాయి. పన్నెండులో ఆరు మంచివైపు నుంచి అడుగుతాయి, ఆరు చెడువైపు నుంచి. ప్రతి ప్రశ్నకూ నాలుగు జవాబులు. మొదటి రెండింటికీ సున్నా, చివరి రెండింటికీ ఒకటి వేస్తే మొత్తం 0 నుంచి 12 మధ్య వస్తుంది. అలా కాకుండా 0, 1, 2, 3 వేస్తే 0 నుంచి 36. మేం మొదటి పద్ధతి వాడాం.

ఆ నాలుగు జవాబుల్లోనే ఉంది కిటుకంతా. ఈ ఫారం "ఎంత బాధగా ఉంది?" అని అడగదు. "ఈ మధ్య కొన్ని వారాలుగా, ఎప్పటికంటే ఎక్కువగా ఉందా?" అని అడుగుతుంది. అంటే కొలిచేది బాధను కాదు, బాధలో వచ్చిన మార్పును. ఇది పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, క్లాసులో చెప్పినదాన్నే నేను. ఆ ఇంటి గడప దాటేదాకా దాని బరువు తెలియలేదు.

మొదటిసారి ఫారం నింపింది డిగ్రీ చదివిన కుర్రాడు. జులై, సన్నగా ముసురు పడుతోంది. ఆమె వాకిట్లో చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. అత్త మంచం మీద. ఈ సర్వే బీడీ పింఛను కోసమా, ఉన్న పింఛను కోసేయడానికా అన్న అనుమానం ఊరంతా ఉంది. కాదని మావాడు చెప్పాడు, వాళ్లు తలూపారు. తలూపినంత మాత్రాన నమ్మినట్టు కాదు. అసలు జీహెచ్‌క్యూ ఎవరికి వాళ్లు చదువుకుని, ఒంటరిగా టిక్కులు పెట్టుకునే కాగితం. దాన్ని మనం పైకి చదివి అడిగినప్పుడు అది కాగితం కాకుండా పోతుంది, పరాయి మనిషితో మాటవుతుంది. అందులోనూ పదడుగుల దూరంలో అత్త.

చీటీలో నంబరు వచ్చాక నేను పోయాను. ఆశ కార్యకర్తను అడిగి, అత్త పింఛను కోసం పోస్టాఫీసుకు పోయే రోజు చూసుకుని మరీ పోయాను. ఈ సంగతి ఏ పద్ధతుల పుస్తకంలోనూ ఉండదు. నా అనుభవంలో మాత్రం పింఛను రోజు ఇచ్చినంత ఏకాంతం ఊళ్లో ఇంకే రోజూ ఇవ్వదు.

తడిగుడ్డలో చుట్టిన తునికాకు విప్పి, రేకు అచ్చు పెట్టి కత్తిరిస్తోంది. తంబాకు పోసి చుట్టడం, దారం కట్టడం, కొస మడవడం, కళ్లు ఎక్కడున్నా చేతులు ఆగవు. ఇరవై ఐదు బీడీలు ఒక కట్ట. వెయ్యి చేస్తే నలభై కట్టలు. పన్నెండో ఏట పట్టిన చాట అట. నేను పాత ఫారం తీసి, దానిలో ఉన్న ప్రశ్నలే మళ్లీ ఒక్కొక్కటీ అడుగుతూ, ప్రతిదానికీ "ఇది వింటే నీకు ఏమర్థమైంది అక్కా?" అని కూడా అడిగాను. మా వృత్తిలో దీనికి పెద్ద పేరుంది గాని, చేసేది ఇంతే.

మొదటి ప్రశ్న: చేసే పని మీద శ్రద్ధ పెట్టగలుగుతున్నారా? "శ్రద్ధ వెట్టకుంటె బీడీలు వాపసొస్తయి కద మేడం. ఎప్పటిలెక్కనే." కంపెనీలో చెకింగు చేసే అతను బాగోలేనివి పక్కన పడేస్తే ఆ ఆకు, ఆ తంబాకు, ఆ పూట ఆమెవే పోతాయి. కాబట్టి శ్రద్ధ తగ్గే హక్కు ఆమెకు లేదు.

రెండో ప్రశ్న: దిగులుతో నిద్ర ఎక్కువగా పోయిందా? మొదటి ఫారంలో "ఎప్పటికంటే ఎక్కువేం లేదు" దగ్గర టిక్కు. అది నిజమే. నిద్ర లేక ఎన్నాళ్లయిందంటే లెక్కపెట్టింది. భర్త మస్కట్ పోయి తొమ్మిదేళ్లు. ఆరేళ్ల నుంచి పైసలు సరిగా రావడం లేదు, ఫోను కూడా పండగకో పబ్బానికో. పోవడానికి చేసిన అప్పుకు మిత్తి మాత్రం నెలనెలా వస్తుంది. "ఆరేండ్ల సంది గిట్లనే" అన్నది. ఆరేళ్లుగా నిద్ర లేని మనిషి ఈ నెల కూడా నిద్రపోకపోతే ఫారం దృష్టిలో మార్పేమీ లేదు. మార్కు సున్నా.

అప్పుడు నేను అదే మాట పట్టుకుని అడిగాను, ఎప్పటిలెక్కనే అంటున్నావు కదా అక్కా, అని. కత్తెర ఒక్క క్షణం ఆగింది. "ఏ ఎప్పటి మేడం? లగ్గానికి ముందటి ఎప్పటా, ఆయన పోయినంకటి ఎప్పటా?"

నాకు జవాబు తట్టలేదు. ప్రశ్నావళిలో కూడా లేదు.

ఐదో ప్రశ్న ఒత్తిడి గురించి. ఎప్పుడూ ఒత్తిడిలో ఉన్నట్టు అనిపిస్తోందా? మొదటిసారి పక్కనున్న ఆశ కార్యకర్త సాయం చేద్దామని "ఒత్తిడి అంటె ప్రెషర్ అక్కా" అన్నదట. "ప్రెషర్ నాలుగేండ్ల సంది ఉన్నది, గోళి ఏస్కుంటున్న" అని ఈమె జవాబు. బీపీ సర్వేకు వచ్చినవాళ్లు ప్రెషర్ అంటే ఇంకేమనుకుంటారు! ఎప్పటిలాగే దగ్గర టిక్కు పడింది. ఆఫీసులో ఈ సంగతి చెబితే నవ్వారు, నేనూ నవ్వాను. తరవాత మిగతా ఫారాలు తీసి ఐదో ప్రశ్న వరస చూశాక నవ్వు రాలేదు.

ఆరో ప్రశ్న దగ్గర మా భాషే మమ్మల్ని బోల్తా కొట్టించింది. కష్టాలను దాటలేకపోతున్నానని అనిపిస్తోందా? మొదటి ఫారంలో "అస్సలు లేదు" అని టిక్కు ఉంది. నేను అడిగితే ఆమె అన్నది: "లేదు మేడం, ఏడ దాటుతం." మావాడు "లేదు" దగ్గరే ఆగిపోయాడు. తెలుగులో లేకపోవడం గురించి అడిగే ప్రశ్నకు వచ్చే "లేదు" ఎటువైపుదో గొంతు చెప్పాలి, కాగితం చెప్పదు. "నిద్ర పడ్తలేదా?" అని అడగండి. నిద్ర పట్టనివాళ్లు "ఆఁ" అన్నా అదే అర్థం, "లేదు" అన్నా అదే అర్థం. ఇంగ్లిష్‌లో రాసిన "నాట్ ఎట్ ఆల్" అన్న గడికి మనం "అస్సలు లేదు" అని పేరు పెట్టాం. అడిగిన ప్రశ్నలోనే లేకపోవడం ఉంటే ఆ గడి ఉచ్చు అవుతుంది. మా అనువాదాన్ని మళ్లీ ఇంగ్లిష్‌లోకి తిప్పించి, అసలుతో సరిపోల్చి, పక్కాగా ఉందని సంతకాలు పెట్టుకున్నాం. తిప్పిన ఇద్దరూ ఎమ్మేలు చదివినవాళ్లు. పుస్తకం తెలుగును పుస్తకం ఇంగ్లిష్‌లోకి తిప్పడంలో ఏ తప్పూ దొరకదు. తప్పు వాకిట్లో ఉంది.

పదకొండో ప్రశ్న, తాను ఎందుకూ పనికిరాని మనిషినని అనిపించడం. దీనికి మాత్రం మొదటిసారీ రెండోసారీ గట్టిగానే అస్సలు లేదన్నది. "నేను పనికిరాకుంటె ఇల్లెట్ల నడుస్తది?" పెద్దబిడ్డకు నిర్మల్ వైపు పెళ్లి చేసింది, చిన్నబిడ్డ ఇంటర్. రెండూ ఆ చాట మీదే. మనసు కుంగితే తన మీద తనకు విలువ కూడా పోతుందన్న లెక్క అందరికీ సరిపోదు. బాధ, బాగుండటం ఒకే కొలబద్దకు రెండు కొసలు కావని, రెండూ ఒకే మనిషిలో వేర్వేరుగా పెరిగి తరగొచ్చని 1969లోనే నార్మన్ బ్రాడ్‌బర్న్ రాశాడు. ఈమె దానికి ఉదాహరణ.

తిరిగి వచ్చాక ఫారం నింపిన కుర్రాణ్ణి కూర్చోబెట్టి అడిగాను. కసురుకోలేదు. "ఆరో ఇంటికల్లా నాలుగు జవాబులూ చదవడం బంద్ చేసిన మేడం. ఎప్పటిలాగేనా అని అడిగితే ఆఁ అంటున్నరు" అని ఒప్పుకున్నాడు. రోజుకు ఇన్ని ఫారాలు కావాలని లక్ష్యం పెట్టింది మేమే. విచిత్రం ఏమంటే, ఆ ఫారాలన్నిటికీ క్రాన్‌బాక్ ఆల్ఫా తీస్తే చక్కగా వచ్చింది. ప్రశ్నలన్నీ ఒకే వైపు లాగుతున్నాయా లేదా అన్నదే ఆల్ఫా చెబుతుంది. ఒక ఇంట్లో అన్నిటికీ ఎప్పటిలాగే, ఇంకో ఇంట్లో అన్నిటికీ కొంచెం ఎక్కువ అని గీసుకుంటూ పోయినా ఆల్ఫా బాగానే వస్తుంది. ఆల్ఫా బాగుంది కాబట్టి తెలుగు రూపం పనిచేస్తుందని రాసే వ్యాసాలు చూసినప్పుడల్లా నాకు ఇప్పుడు ఆ ఆరో ఇల్లు గుర్తొస్తుంది.

ఆ రోజే రెండో మెట్టు ప్రశ్నలు కూడా అడిగాను. ముందు డబ్ల్యూహెచ్‌ఓ-5, మనసు ఎంత బాగుందో కొలిచే ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫారం. ఇది 1998 నాటిది, ఐదే ప్రశ్నలు, ఐదూ మంచివైపు నుంచే. గత రెండు వారాల్లో ఎంతసేపు హుషారుగా ఉన్నావు, ఎంతసేపు నిమ్మలంగా ఉన్నావు, ఎంత చురుగ్గా ఉన్నావు, పొద్దున లేస్తే పానం తేటగా ఉందా, రోజులో మనసుకు పట్టే పనులు ఉన్నాయా. ఒక్కోదానికి 0 నుంచి 5. మొత్తాన్ని నాలుగుతో గుణిస్తే నూటికి ఎంతో వస్తుంది. 50 లేదా అంతకంటే తక్కువ వస్తే మనసు సంగతి ఇంకా వివరంగా చూడాలని అర్థం. అడగడానికి ఇది సులువు, వినేవాళ్లకు అవమానంగా ఉండదు, ఎప్పటితోనూ పోల్చమనదు. హుషారు ఒకటి, నిమ్మలం సున్నా, చురుకు రెండు, తేట సున్నా. చివరిదానికి ఆమె నవ్వింది. "మనసుకు పట్టుడేంది మేడం, చేతికి పట్టింది చేస్తం." కాసేపు ఆలోచించి, చిన్నబిడ్డ పాఠం పైకి చదువుతుంటే వినడం బాగుంటుందన్నది. అక్కడ ఒకటి వేశాను. మొత్తం 4, అంటే నూటికి 16.

అదే మనిషికి ఒక కాగితం మీద ఏ ఇబ్బందీ లేదని, ఇంకో కాగితం మీద నూటికి పదహారు.

తరవాత పీహెచ్‌క్యూ-9, కుంగుబాటు లక్షణాల మీద తొమ్మిది ప్రశ్నలు. గత రెండు వారాల్లో ఒక్కో లక్షణం ఎన్ని రోజులు? అస్సలు లేదంటే 0, కొన్ని రోజులంటే 1, సగం రోజులకంటే ఎక్కువంటే 2, దాదాపు రోజూ అంటే 3. "సగం రోజులకంటే ఎక్కువ" అన్నమాట ఊళ్లో పలికి చూడండి, ఎవరికీ అందదు. నేను ఇంతకుముందు చింతగింజలు తీసుకుపోయేదాన్ని. ఆ రోజు మరిచిపోయాను. ఆమె ముందు కత్తిరించగా మిగిలిన తునికాకు అంచులు కుప్పగా ఉన్నాయి. పద్నాలుగు ఏరి నేల మీద వరసగా పేర్చాను. "ఇవి పోయిన రెండు వారాలు. మనసు దిగులుగా, రందిగా ఉన్న రోజులన్ని అటు జరుపు అక్కా."

చాట పక్కన పెట్టింది. నేను పోయి కూర్చున్నాక అది ఒళ్లోంచి దిగడం అదే మొదటిసారి. ఒక్కో ముక్కా వేలితో జరిపింది. ఇది బిడ్డ ఫీజు కట్టిన రోజు, ఇది మిత్తి అడగవచ్చిన రోజు, ఇది పని లేని రోజు అనుకుంటూ. తొమ్మిది ముక్కలు అటుపోయాయి, అయిదు ఇటు మిగిలాయి. అంటే మార్కు 2. నిద్రకు పద్నాలుగూ ఒక్కసారే అరచేత్తో తోసేసింది. అలసటకూ అంతే. ఆకలికి పది, ఏ పని మీదా మనసు పోకపోవడానికి మూడు. తాను ఓడిపోయాననే భావన లేదు, పని మీద సోయి తప్పడం లేదు, మందకొడితనం లేదు. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననో తనకు తాను హాని చేసుకోవాలనో అనిపించడం. ఈ కేసు మొదట్లో రాసిన మాట అప్పుడే అన్నది. ముక్కలు నాలుగు జరిపింది. మార్కు 1. మొత్తం 12. పది గాని అంతకంటే ఎక్కువ గాని వస్తే ఓ మోస్తరు కుంగుబాటు ఉండొచ్చని, వైద్యుడు చూడాలని లెక్క.

తొమ్మిదో ప్రశ్న గురించి ఒక మాట. మా వైపు ముసలమ్మలు "దేవుడు నన్ను తీస్కపోతలేడు" అని రోజుకు నాలుగుసార్లు అంటారు. అందులో కొంత విసుగు, కొంత అలవాటు, కొంత కోడలికి వినిపించాలని. కాబట్టి ఇది ఊరికే అనే మాట అని కొట్టేసే ఫారం నింపేవాళ్లను చూశాను. దాన్ని రాసుకోగానే కంగారుపడి పంచాయితీ చేసినవాళ్లనూ చూశాను. ప్రశ్న కూడా రెండు వేర్వేరు సంగతులను ఒకే వాక్యంలో కలిపి అడుగుతుంది: చావు వస్తే బాగుండు అనుకోవడం, తనకు తాను ఏదైనా చేసుకోవాలనుకోవడం. అందుకే ఇక్కడ సున్నా కాని జవాబు ఏది వచ్చినా పెన్ను పక్కన పెట్టి, మామూలు మాటల్లో సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామన్న భయం అక్కర్లేదు. ఏదైనా చేసుకోవాలన్న ఆలోచన ఉందా, ఎప్పుడైనా ప్రయత్నం జరిగిందా అని అడిగాను. రెండూ లేవు. "పోరి ఉన్నది కద" అన్నది. అయినా ఆ పూట లేచి రాలేదు. ఆమె ఒప్పుకున్నాక పెద్దబిడ్డకు ఫోన్ చేసి మాట్లాడాం. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలిమానస్ నంబరు 14416 బీడీల లెక్క రాసుకునే పుస్తకం వెనక అట్ట మీద చిన్నబిడ్డ చేత రాయించాం. 2022 నుంచి నడుస్తున్న ఆ నంబరుకు ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడొచ్చు. మర్నాడు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు దగ్గరికి నేనూ వెంట పోయాను.

అక్కడ ఇంకో మలుపు. పరగడుపు షుగర్ 240 దాటింది. రాత్రి నాలుగైదుసార్లు లేవడం, నీరసం, తిండి సహించకపోవడం, వీటిలో షుగర్‌ది ఎంత, రందిది ఎంత? ఆమెకు వచ్చిన పన్నెండు మార్కుల్లో ఎనిమిది ఈ మూడింటివే. షుగర్ క్లినిక్‌లో పీహెచ్‌క్యూ వాడేటప్పుడు ఇది ఎప్పుడూ ఎదురయ్యే చిక్కు. ఆ ఎనిమిదీ తీసేస్తే మిగిలేది నాలుగే, అది ఏ లెక్కలోకీ రాదు. అలాగని తీసేయలేం. రాత్రి ఒంటేలుకు లేచిన మనిషి మళ్లీ నిద్రపట్టక పైకప్పు చూస్తూ మిత్తి లెక్క వేసుకుంటే, ఆ మెలకువను ఏ ఖాతాలో రాస్తారు? డాక్టరు రెండూ చూశాడు. షుగర్ మందు మార్చాడు, జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుడికి చీటీ రాశాడు. ఆమె రెండుసార్లు పోయింది. మూడోసారి పోలేదు, ఆ రోజు చాలా రోజుల తరవాత కంపెనీ నుంచి పని వచ్చింది. మందు మాత్రం తెప్పించుకుంది.

ఆఫీసుకు వచ్చి పాత ఫారం 17ను ఇంకో పద్ధతిలో లెక్కేశాను. జీహెచ్‌క్యూలోని ఈ లోపాన్ని చూసి 1985లో గుడ్‌చైల్డ్, డంకన్-జోన్స్ అన్న ఇద్దరు ఒక సవరణ చెప్పారు. చెడువైపు నుంచి అడిగే ఆరు ప్రశ్నలకు "ఎప్పటికంటే ఎక్కువేం లేదు" అంటే దాన్ని కూడా బాధగానే లెక్కపెట్టి ఒక మార్కు వేయాలని. ఎక్కువ లేదన్నవాళ్లు, ఉందని ఒప్పుకున్నట్టే కదా. ఆ పద్ధతిలో సున్నా కాస్తా 4 అయింది. ఆరో ప్రశ్నలో "లేదు" సరిగా రాసి ఉంటే 5. అదే ఫారాన్ని 0-1-2-3 పద్ధతిలో వేస్తే 10. ఆ పద్ధతిలో సాధారణంగా 12 నుంచి అనుమానిస్తారు కాబట్టి అక్కడా తప్పించుకునేదే. ఒకే కాగితం, అవే టిక్కులు, సున్నా, నాలుగు, పది. ఇక ఈ 4 ఎక్కువా తక్కువా అంటే, ఇన్ని మార్కుల నుంచి అనుమానించాలన్న పాత పద్ధతి గీతను తెచ్చి దీనికి పెట్టకూడదు. జీహెచ్‌క్యూకు అసలు అన్ని చోట్లా పనికొచ్చే ఒకే గీత లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 15 కేంద్రాల్లో చేసిన అధ్యయనంలో మన బెంగళూరు కూడా ఉంది. గీత కేంద్రాన్ని బట్టి మారింది. బెంగళూరు గీతను కోరుట్లకు తెచ్చినా అరువు తెచ్చుకున్న తక్కెడే.

దీన్నిబట్టి జీహెచ్‌క్యూ పనికిరాదని నేను అనను. 2023 జులైలో మోరంచవాగు ఊరి మీద పడి మోరంచపల్లి మునిగింది. అలాంటి చోట, వరదకు ముందొక "ఎప్పటి" ఉంటుంది, తరవాత ఒకటి ఉంటుంది. అక్కడ ఈ ఫారం తన పని తాను చేస్తుంది. ఇంటి దూలం ఎంత పాతదో బాధ కూడా అంత పాతదైన చోట మార్పు అడిగితే ఏం దొరుకుతుంది? తక్కెడ మంచిదే, మేం తూచిన సరుకు వేరు.

మేం మార్చుకున్నది ఇది. మొదటి మెట్టులో జీహెచ్‌క్యూ తీసేసి డబ్ల్యూహెచ్‌ఓ-5 పెట్టాం, దానికి తోడు పీహెచ్‌క్యూ-9. జీహెచ్‌క్యూలో మాటలు మార్చి వాడుకుందామని మాలో ఒకరన్నారు. ఒప్పుకోలేదు. అది లైసెన్స్ మీద వాడే ఫారం, పైగా మాటలు మార్చాక దాని పాత లెక్కలతో పోల్చే అర్హత పోతుంది. పీహెచ్‌క్యూ ఉచితమే అయినా దాన్ని కూడా ఇష్టమొచ్చినట్టు తిరగరాయలేదు. అచ్చయిన వాక్యం అలాగే ఉంచి, అర్థం కానప్పుడు అందరూ ఒకేలా చెప్పాల్సిన వివరణ కింద రాసిపెట్టాం. విచారం అన్నచోట రంది, భయాందోళన అన్నచోట బుగులు, ఏకాగ్రత అన్నచోట సోయి, ప్రశాంతత అన్నచోట నిమ్మలం. ఒత్తిడి అన్న మాటకు వివరణ రాయడానికి ఒక మధ్యాహ్నం పట్టింది, ప్రెషర్ అన్న మాట వాడకూడదని ఎర్రసిరాతో రాశాం. లేకపోవడం గురించి అడిగే ప్రశ్నలన్నిటికీ, జవాబులో "లేదు" వినగానే ఆగి, పూర్తి వాక్యం చెప్పించుకోవాలన్నది నియమం. రోజుకు ఇన్ని ఫారాలన్న లక్ష్యం తీసేశాం. పద్నాలుగు చింతగింజలు ప్రతివాళ్ల సంచిలో. ఈ మాటలు కూడా అంతటా నడవవు. ఆదిలాబాద్ వైపు గోండి ఇంటి భాషగా ఉన్న చోట మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సిందే.

సున్నా వచ్చిన మిగతా ఫారాలు ఆకుపచ్చ ఫైల్లో ఉన్నాయి. అన్ని ఇళ్లకూ పోతున్నాం. కొందరు వలస పోయారు, దొరకలేదు.

17వ నంబరు అక్క దగ్గరికి అక్టోబరులో మళ్లీ పోయాను. డబ్ల్యూహెచ్‌ఓ-5 ఈసారి 36. పది పాయింట్లు పెరిగితేనే చెప్పుకోదగ్గ మార్పు అంటారు, ఇక్కడ ఇరవై పెరిగింది. నివేదికలో పెట్టడానికి ముచ్చటైన అంకె. బండి ఎక్కబోతూ వాకిలి చూశాను. గోడకు ఆనించి ఖాళీ తాంబాలం, మూలకు ఎండిన తంగేడుపూలు. అంతకు నాలుగు రోజుల ముందే సద్దుల బతుకమ్మ అయింది. నేను అడిగిన "గత రెండు వారాలు" సరిగ్గా ఆ తొమ్మిది రోజుల మీద పడ్డాయి. పెద్దబిడ్డ నిర్మల్ నుంచి వచ్చి పండగంతా తల్లిదగ్గరే ఉంది. ఆ ఇరవైలో మందుది ఎంత, షుగర్ తగ్గినందుకు ఎంత, బిడ్డది ఎంత? ఆ అంకె పక్కన నివేదికలో "పండగ" అని రాసి పక్కన పెట్టాను.

నవంబరు చివర్లో, ఇంట్లో తల్లీ చిన్నబిడ్డా అత్తా మాత్రమే ఉన్న మామూలు వారం చూసుకుని మళ్లీ అడిగాను. 28. పీహెచ్‌క్యూ 8. తొమ్మిదో ప్రశ్నకు గింజ ఒక్కటీ జరపలేదు. నిద్రకు ఈసారి పదే జరిపి, మిగిలిన నాలుగింటినీ నాకు చూపించింది.